మొక్కు కాని గుండు

రత్నమాణిక్యానికి గుండయిన నాడు ఆ ఇంట్లో ఎవరూ పోలేదు. ఏ కొండకీ మొక్కు లేదు. మొగుడు బుల్లబ్బాయి నిక్షేపంలా ఉన్నాడు. అప్పుడే రేవు నించి వచ్చి వల ఆరేస్తున్నాడు. పెరట్లో పీట వేసుకుని కూచున్న మాణిక్యానికి మాత్రం దువ్వెన పెట్టిన చోటల్లా జుట్టు కుచ్చులుగా ఊడి ఒళ్ళో పడుతోంది. లాగితే నొప్పి కూడా లేదు. నొప్పి లేకపోవడమే ఎక్కువ భయం వేసిందామెకి. ముడి వేస్తే గుప్పిట్లో పట్టని జుట్టు అది. ఆ ముడి మీద చుట్టకుదురు పెట్టి, దాని మీద చేపల గంప ఎత్తుకుని పెళ్ళయిన నాటి నించీ బజారుకి నడిచిన మనిషి.

"ఏవయ్యా, ఇటు రా," అని కేకేసింది. బుల్లబ్బాయి వల వదిలేసి వచ్చి, ఆమె ఒళ్ళో పడ్డ కుచ్చులు ఒక్కొక్కటే ఏరాడు.

ఇలా అవుతుందని వాళ్ళకెవరూ చెప్పలేదు. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో కుడి రొమ్ము తీసేశారు. గాయం మానాక, మూడేసి వారాలకోసారి వచ్చి సెలైన్‌లో మందు ఎక్కించుకోవాలన్నారు. "సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయమ్మా, ఓర్చుకోవాలి," అని పెద్ద డాక్టరు కాగితం మీంచి తల ఎత్తకుండానే అన్నాడు. ఆ రెండు ఇంగ్లీషు ముక్కల్లోనే ఆమె జుట్టుంది, నోటి నిండా లేవబోయే పుళ్ళున్నాయి, నల్లబడబోయే గోళ్ళున్నాయి, అన్నం గిన్నె మూత తీస్తే కడుపులోంచి తన్నుకొచ్చే వాంతి ఉంది. వాటిని విప్పి చెప్పడానికి ఆయనకి తీరిక లేదు. విప్పమని అడగడానికి వీళ్ళకి ధైర్యం లేదు. పెద్ద డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడడం మనకి చిన్నప్పటి నించీ నేర్పారు కదా! నోరు తెరిచి అడగడం మాత్రం ఎవరు నేర్పారు?

మొదటిసారి ఎర్రమందు ఎక్కించుకుని ఇంటికొచ్చిన సాయంత్రం ఒంటేలుకి వెళ్తే ఎర్రగా వచ్చింది. రక్తమే అనుకుంది. లోపల ఏదో తెగిపోయిందనుకుని మొగుడూ పెళ్ళాలు ఆటో కట్టించుకుని, లబోదిబోమంటూ మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తారు. డ్యూటీలో ఉన్న నర్సు సాయిదుర్గ అంతా విని, "అది మందు రంగేనండి. రేపటికి పోతుంది. మీకు చెప్పలేదా?" అంది.

"ఎవరు చెప్తారమ్మా? ఆయన నువ్వు చెప్తావనుకున్నాడు, నువ్వు ఆయన చెప్పాడనుకున్నావు. మధ్యలో మేం చచ్చాం," అంది మాణిక్యం.

సాయిదుర్గ నొచ్చుకుంది గాని కోప్పడలేదు. ఆ పిల్ల చేతి కింద మంచాలు ఎన్నో, ఆ వార్డుకి నర్సులు ఎందరో చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అయినా ఆ రోజు నించి మాణిక్యం వచ్చినప్పుడల్లా పక్కన ఓ నిమిషం కూచునేది. అప్పటికే ఊళ్ళో ఆడంగులంతా కలిసి మాణిక్యానికి పథ్యం పెట్టేశారు. కోత పడ్డ ఒళ్ళు కాబట్టి గుడ్డు వద్దు, పప్పు వద్దు, పెరుగు వద్దు, చేప అసలే వద్దు. తింటే చీము పడుతుందని భయపెట్టారు. గోదారి ఒడ్డున పుట్టి చేప తిని పెరిగిన మనిషి ఉత్త చారునీళ్ళతో అన్నం పిసుక్కుని తిన్నది. రెండో విడతకి వెళ్తే రక్తంలో తెల్లకణాలు పడిపోయాయన్నారు. మందు వాయిదా వేసి తిప్పి పంపేశారు.

"ఎవరు పెట్టారండి ఈ పథ్యం?" అని సాయిదుర్గ తల పట్టుకుంది. "గుడ్డు తినాలి, పప్పు తినాలి, బాగా ఉడికిన చేప తినాలి. ఈ మందు మనిషిని లోపల్నించి కొట్టేస్తుందండి. తిండి లేకపోతే దేంతో నిలబడతారు? వేడన్నం వాసన పడకపోతే చల్లారాక తినండి. నోట్లో పుళ్ళకి ఉప్పునీళ్ళు పుక్కిలించండి. చేపముల్లు మాత్రం గుచ్చుకోనివ్వకండి, చిన్న గాయమైనా ఇప్పుడు మీకు పెద్దదే."

"ముల్లు గుచ్చుకోకుండా చేపలెలా అమ్ముతానే తల్లీ!"

"కొయ్యడం వేరేవాళ్ళకివ్వండి. మీరు తూకం చూసుకోండి."

గుడ్లు తింది, పప్పు తింది. వాయిదా పడ్డ మందు ఎక్కించారు. ఆ విడతకే జుట్టు పోయింది.

బుల్లబ్బాయి క్షౌరం చేసే రాముణ్ణి పిలుచుకొచ్చాడు. రాముడు పెరట్లోకి తొంగి చూసి కత్తుల పొది విప్పకుండానే గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"పుణ్యస్త్రీకి ఇంటి దగ్గర గుండు గియ్యకూడదు బాబూ. తిరపతో, అన్నవరమో తీసుకెళ్ళు. అక్కడైతే ఫరవాలేదు."

"తిరపతి దాకా ఈ అతుకుల తలతో రైలెక్కించమంటావా?"

"నన్నేం చెయ్యమంటావు? నీ పెళ్ళానికి ఇంటి దగ్గర గుండు గీస్తే రేపు నువ్వు గోదాట్లో మునిగినా నా కత్తే అంటారు."

రాముడు పొది చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. బుల్లబ్బాయి తన గెడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి, సబ్బు నురగ రాసి, ఆమె తల మీద మిగిలిన జుట్టంతా తనే తీసేశాడు. రెండు చోట్ల గీరుకుంది.

"మావా, చేప పొలుసు తీసినట్టు తీస్తున్నావు, నెమ్మది," అంది మాణిక్యం. నవ్వాలని చూశాడు గాని నవ్వు రాలేదు.

తిరపతి పేరు చెప్పేద్దామన్న ఆలోచన బేబిది. కాలవగట్టు చేపల బజారులో మాణిక్యం చేపలు పరిచి అమ్మే దిమ్మకి పక్క దిమ్మ బేబిది. మందు పడ్డ మొదటి వారం మాణిక్యం లేవలేదు కనుక, ఆ రోజుల్లో ఆమె పేరు మీద సరుకు ఎత్తి, ఆమె దిమ్మ మీదే అమ్మిపెట్టేది బేబీయే. వదినా అని పిలుస్తుంది. ఒక కుంకుడుకాయంత గంధం చెక్క పట్టుకొచ్చి అరగదీసి మాణిక్యం బోడితల నిండా పులిమింది.

"తిరపతి వెళ్ళొచ్చానని చెప్పు వదినా. ఎవరూ ఏం అడగరు. పైగా దండం పెడతారు."

మాణిక్యానికి ఇష్టం లేదు. కానీ వాదించడానికి ఒంట్లో ఓపిక ఉండాలి కదా. సరేనంది.

ఆ ఉదయం బజారులో నిజంగానే దండాలు పెట్టారు. గంధం పూసిన తల చూసి పెళ్ళికాని పిల్లలు పక్కకి తప్పుకుని దారిచ్చారు. రోజూ కొరమేను కోసం వచ్చే రైతు కుటుంబం ఇల్లాలు సత్యకుమారి గారు, "ఎంత పుణ్యం చేసుకున్నావే మాణిక్యం, ఇవాళ నీ చేతి బోణీయే కావాలి నాకు," అని ముందుకొచ్చి మరీ కొంది. బేరం కూడా ఆడలేదు. మాణిక్యం తూకం వేసింది. సరుకు ఆటోల పొగ వాసన, ఐసు కరిగిన నీళ్ళ వాసన, చేపల వాసన కలిసి ముక్కులోకి పోటెత్తుతుంటే కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఆ వాసన కన్నా ఆ దండాలే ఎక్కువ వెగటు పుట్టించాయి. 'నా తలకి కాదు, దేవుడికిచ్చిన తలకి దండం పెడుతున్నారు. ఇదే తల మందుకి ఊడిందని తెలిస్తే?' అనుకుంది.

తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండో రోజు పెదబాబు వచ్చాడు. బజారులో సరుకుకి వేలం పాట పెట్టేది అతనే. మాణిక్యానికి బావ వరస, అందుకని నోటికి అడ్డూ ఆపూ ఉండదు. దిమ్మ ముందు వంగి ఆమె మొహంలోకి చూశాడు.

"ఏంటి మాణిక్యం, కనుబొమ్మలు కూడా హుండీలో వేసొచ్చావేంటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. కనురెప్పల వెంట్రుకలు కూడా రాలిపోయి ఉన్నాయి. సత్యకుమారి గారు సంచి చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. "అవునే, ప్రసాదం పెట్టనేలేదు నువ్వు," అంది అమాయకంగా.

మాణిక్యానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ప్రసాదం లేదు, తిరపతీ లేదండి. నాకు రొమ్ములో కాన్సరు. కోసి తీసేశారు. మందు ఎక్కిస్తున్నారు, దానికి ఊడింది జుట్టు. కనుబొమ్మలు కూడా దానికే ఊడాయి బావా. చాలా? ఇంకెక్కడెక్కడ ఊడాయో కూడా చెప్పమంటావా?"

నవ్వులు ఆగిపోయాయి. సత్యకుమారి గారు కుచ్చెళ్ళు దగ్గరికి లాక్కుని రెండడుగులు వెనక్కి వేసింది. నిన్న దండం పెట్టిన చేతుల్నే చీర కొంగుకి తుడుచుకుంది. "అంటుకుంటుందేమో," అని ఒకరన్నారు. "దేవుడి పేరు చెప్పి అబద్ధమాడింది, అందుకే వచ్చింది," అని ఇంకొకరు. వచ్చింది ముందు, అబద్ధం తర్వాత కదా అని అడిగే తెలివి ఎవరికీ లేకపోయింది. తల అదే, నునుపు అదే. నిన్న పుణ్యం, ఇవాళ అపశకునం. మధ్యలో మారింది ఒక్క మాట.

ఆ బజారుకి ఒక కట్టుబాటు ఉంది. పొద్దున్నే సరుకు దిగగానే మొదటి గంపకి పాట ఉండదు. అది మొదటి దిమ్మది. బోణీ గంప అంటారు. అది లేచాకే మిగతా సరుకుకి పాట మొదలవుతుంది. మొదటి దిమ్మ మాణిక్యం అత్తగారిది, ఆవిడ పోయాక మాణిక్యానిది. మనిషి జబ్బు పడితే పక్క దిమ్మ వాళ్ళు ఆమె పేరు చెప్పి ఎత్తొచ్చు. సొంత పేరు మీద ఇంకొకరు ఎత్తుకునేది ఒక్క సందర్భంలోనే: ఆ దిమ్మ మనిషి చచ్చిపోయినప్పుడు.

పెదబాబు ఆ రోజు గొంతు తగ్గించాడు. "చూడు మాణిక్యం, నాకేం లేదు. పొద్దున్నే బోణీ చేసే చోట ఈ తల కనపడితే కొనేవాళ్ళు రావట్లేదంటారు రేపు. జుట్టు వచ్చేదాకా వెనక డ్రైనేజీ పక్కన కూచో. గంప బేబి పేరుకి మార్చేస్తాను. తర్వాత చూద్దాం."

"తర్వాతంటే నేను పోయాకా?"

"నోరు మంచిదైతే..."

"నా నోటి నిండా పుళ్ళే బావా. మంచిమాట ఎక్కడ నించి రమ్మంటావు?"

ఆ మర్నాడే మళ్ళీ ఆసుపత్రి వాయిదా. ఈసారి వాంతులు మరీ ఎక్కువయ్యాయి. నీళ్ళు తాగినా ఇనుము నాకినట్టుండేది. పడుకుంటే తల మీది చర్మం తలగడకి తగిలి పుండులా సలిపేది. బుల్లబ్బాయి రావులపాలెం నించి అరటిపళ్ళు తెచ్చాడు, మెత్తగా పిసికి పెరుగులో కలిపి పెట్టాడు. వల ముట్టుకున్న చేతులు నాలుగుసార్లు సబ్బుతో కడిగినా ఆమెకి వాసన తెలిసిపోయేది. "దూరంగా పెట్టి వెళ్ళు మావా," అనేది. గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్ళేవాడు.

"పోనీ వెనకే కూచోవే. ప్రాణం ముఖ్యం గాని దిమ్మ ముఖ్యమా?" అన్నాడొకసారి గుమ్మం అవతలి నించే.

"ప్రాణం కోసమే ఈ విషం ఎక్కించుకుంటున్నాను. విషానికి ఓర్చుకున్నదాన్ని పెదబాబుకి ఓర్చుకోవాలా? రొమ్ము పోయింది, జుట్టు పోయింది, నాలిక రుచి పోయింది. అన్నీ జబ్బు పట్టుకుపోయింది, సరే. దిమ్మ మాత్రం జబ్బు తీసుకోవట్లేదు కదా మావా, మనుషులు తీసుకుంటున్నారు. నేనెందుకివ్వాలి?"

బుల్లబ్బాయి ఖాళీ గిన్నె తీసుకుని కడగడానికి వెళ్ళాడు.

వాంతులు తగ్గి కాళ్ళ మీద నిలబడగలిగిన రోజున మాణిక్యం బజారుకి వెళ్ళింది. గంధం పూసుకోలేదు. తల మీద కొంగు కూడా కప్పుకోలేదు. మొదటి దిమ్మ నీళ్ళతో కడిగి దాని మీద కూచుంది. బజారంతా చూసింది. రేవు నించి సరుకు వచ్చింది. బోణీ గంప దింపారు. జెల్లలు, మధ్యలో నాలుగు కొరమేనులు, పైన ఐసు.

పెదబాబు గంప దగ్గర నిలబడి ఇటు చూడకుండా, "బేబీ, ఎత్తు," అన్నాడు.

"ఎవరి పేరు మీద బాబాయ్?"

"నీ పేరు మీదే."

బేబి కదల్లేదు. ఎత్తితే మొదటి దిమ్మ ఆమెది. రెండో దిమ్మ మీద కూచున్న ఏ మనిషికి మొదటి దిమ్మ మీద ఆశ ఉండదు? మాణిక్యం వైపు చూసింది, గంప వైపు చూసింది. ఆ చూపు మాణిక్యం కూడా చూసింది. బతిమాలలేదు.

"ఎత్తుకోవే," అంది గట్టిగా, అందరికీ వినపడేలా. "ఎత్తుకో. కానీ కట్టుబాటు ప్రకారం ఎత్తుకో. రత్నమాణిక్యం చచ్చిపోయిందని ముందు అందరికీ చెప్పు. బావా, నువ్వైనా చెప్పు, పాట పాడినట్టు పెద్ద గొంతుతో చెప్పు. దిమ్మ మీద కూచుని నేనే వింటాను. చచ్చిందీ అని ఒక్కరు అనండి, లేచి వెళ్ళిపోతాను."

ఎవరూ అనలేదు. లోపల అనుకోవడం వేరు, పొద్దున్నే బోణీ వేళ బతికున్న మనిషి మొహం చూస్తూ చావు మాట నోటితో అనడం వేరు. అపశకునాలకి భయపడి ఆమెని వెనక్కి నెట్టినవాళ్ళకి ఇప్పుడు అంతకన్నా పెద్ద అపశకునం ఎదురొచ్చింది.

"నాకొద్దు బాబాయ్," అంది బేబి చివరికి. గొంతులో కోపం ఉంది. ఎవరి మీదో ఆమెకే తెలియదు. "అత్తగారి కాలం నించి వాళ్ళది. రేపు నాకు రొమ్ములో గడ్డ లేస్తే నా దిమ్మ ఇంకెవరికిస్తావు?"

పెదబాబు మూడో దిమ్మ దగ్గరికి వెళ్ళాడు. నాలుగో దిమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఒకామె తల తిప్పుకుంది, ఇంకొకామె కత్తిపీట తుడుచుకుంటూ కూచుంది. అందరికీ మాణిక్యం మీద ప్రేమ ఉండి కాదు. కొందరికి భయం, కొందరికి బేబి అన్న మాట తగిలింది, మరి కొందరు ఏం జరుగుతుందో చూద్దామని ఆగారు. ఎండ ఎక్కుతోంది. ఐసు కరిగి గంపల కింద నించి కారుతోంది. బోణీ గంప లేవకపోతే పాట లేదు, పాట లేకపోతే వెనకున్న గంపలన్నీ కదలవు. పడవల వాళ్ళు గోల మొదలెట్టారు.

"సరుకు కుళ్ళబెడతారా ఏంటి? ఆవిడ జుట్టు మొలిచేదాకా ఆగమంటావా పెదబాబూ?" అని వెనక నించి ఎవరో అరిచారు.

పెదబాబు గంపని కాలితో నెట్టలేదు, అంత పొగరు అతనికీ లేదు. రెండు చేతుల్తో ఎత్తి తెచ్చి మాణిక్యం దిమ్మ మీద పెట్టాడు. "నువ్వు మనిషివి కాదే," అన్నాడు.

"మనిషినే బావా. అదే చెప్తున్నాను ఇందాకటి నించీ."

పాట మొదలైంది. రోడ్డు మీది మెస్సుకి చేపలు కొనే సామ్యేలు సంచి తెచ్చి మాణిక్యం ముందు పెట్టాడు. పక్కనెవడో మోచేత్తో పొడిచి ఆమె తల చూపించాడు.

"నాక్కావాల్సింది జెల్లలండి, జుట్టు కాదు," అన్నాడు సామ్యేలు. "త్వరగా తూచండి, పులుసు పొయ్యెక్కాలి."

బోణీ అయింది. బేబి కత్తిపీట ముందుకి లాక్కుని జెల్లలు కోసి పెడుతోంది. కోసిన చేపల వాసన గుప్పుమనేసరికి మాణిక్యం దిమ్మ దిగి కాలవగట్టుకి పరిగెత్తింది. అందరూ చూస్తుండగానే వాంతి చేసుకుంది. ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ దగ్గరికీ రాలేదు. కాసేపు గట్టు మీద వంగి కూచుని, బుల్లబ్బాయి కాచి సీసాలో పోసిచ్చిన ఉప్పునీళ్ళతో పుక్కిలించింది. మొహం తుడుచుకుంది. లేచి మళ్ళీ వచ్చి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని దిమ్మ మీద కూచుంది.

అప్పటికి సత్యకుమారి గారు వచ్చి, మొదటి దిమ్మ దాటి, బేబి ముందు ఆగింది.

"కొరమేను ఉందా బేబీ?"

"ఇవాళ కొరమేను వదిన దగ్గరే ఉందండి," అంది బేబి చేప మీంచి తల ఎత్తకుండా.

సత్యకుమారి గారు సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. కొరమేనుల వైపు చూసింది, మాణిక్యం నల్లబడ్డ గోళ్ళ వైపు చూసింది, చుట్టూ ఎవరైనా చూస్తున్నారా అని కూడా చూసింది. వెళ్ళిపోలేదు, దగ్గరికీ రాలేదు.

మాణిక్యం తక్కెడ చేత్తో పట్టుకుంది. కొంగు మూతి మీంచి తీసింది.

"తూచమంటారా అమ్మగారూ, పక్కకి జరుగుతారా? మీ వెనక జనం ఉన్నారు."